అమర్చిన కిడ్నీకి రక్తం సరిగా చేరుతోందా?

ప్రశ్న: మావారికి 47 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా మధుమేహం ఉంది. పదకొండు నెలల కిందట 68 ఏళ్ల మా అత్తగారు తన కిడ్నీ ఇస్తే ఆయనకు అమర్చారు. మొదటి నుంచీ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) 1.3 దగ్గర నిలకడగా ఉండేది. బీపీ మాత్రం పైది 158, కిందిది 73 అటూఇటూగా ఉంటోంది. రెండు నెలల కిందట ఆమ్లోడిపిన్‌కు తోడు టెల్మిసార్టాన్ మొదలుపెట్టారు. పది రోజుల తర్వాత మూడు రోజులపాటు విరేచనాలయ్యాయి. ఆ వారం చేసిన పరీక్షలో క్రియాటినిన్ 1.7, అంతకుముందు 7 ఉండే టాక్రోలిమస్ (కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వేసుకునే మందు) స్థాయి 12 వచ్చాయి. టెల్మిసార్టాన్ ఆపేశారు. ఇప్పుడు క్రియాటినిన్ 1.4. తర్వాత తీసిన డాప్లర్ (రక్త ప్రవాహాన్ని చూపే స్కాన్) నివేదికలో అతుకు దగ్గర రక్త వేగం సెకనుకు 210 సెంటీమీటర్లనీ, కిడ్నీ లోపల ఆర్‌ఐ 0.79 అనీ రాసి, రెండో అంకె కింద ఎర్రగీత గీశారు. కిడ్నీకి రక్తం చాలడం లేదా? యాంజియోగ్రామ్ తీయించాలా? ఆ పక్కకు తిరిగి పడుకుంటే నాళం నొక్కుకుపోతుందా? నీళ్లు ఇంకా ఎక్కువ తాగించాలా? తన ముసలి కిడ్నీ వల్లే ఇదంతా అని మా అత్తగారు కుమిలిపోతున్నారు. దయచేసి వివరంగా చెప్పండి. — ఒక పాఠకురాలు

సమాధానం: మీరు రాసిన అంకెలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, అతుకు దగ్గర ధమని బాగా ఇరుకై కిడ్నీకి రక్తం అందడం లేదనడానికి వాటిలో బలమైన ఆధారం కనిపించడం లేదు. ఎర్రగీత గీసిన 0.79 కంటే, విరేచనాలైన వారంలో టాక్రోలిమస్ 12కు చేరడమే నాకు ఎక్కువ ముఖ్యమైన విషయంగా తోస్తోంది. ఆయనను పరీక్షించకుండా, డాప్లర్ చిత్రాలను కళ్లారా చూడకుండా చెబుతున్న మాట ఇది. కాబట్టి ఏ మందు మార్చాలన్నా, ఏ పరీక్ష చేయించాలన్నా నిర్ణయం ఆయనను చూస్తున్న వైద్యులదే. అయితే వారితో మాట్లాడేటప్పుడు ఏ అంకె ఏం చెబుతుందో మీకు తెలిసి ఉంటే సంభాషణ తేలికవుతుంది కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

మనిషి రెండు కిడ్నీల బరువు శరీర బరువులో ఒక శాతం కూడా ఉండదు. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు, అంటే నిమిషానికి సుమారు ఒక లీటరు, వాటి గుండానే పోతుంది. అంత రక్తం కిడ్నీ తన ఆకలి తీర్చుకోవడానికి కాదు, వడపోత కోసం. పుట్టుకతో వచ్చిన కిడ్నీలు వీపు వైపున, గుండె నుంచి దిగే మహాధమని పక్కనే ఉండి నేరుగా దాని నుంచే రక్తం తీసుకుంటాయి. మార్పిడి చేసినప్పుడు కొత్త కిడ్నీని అక్కడ పెట్టరు. పొత్తికడుపులో ఒక పక్కగా, తుంటి ఎముక లోపలి గుంటలో అమర్చి, దాని ధమనిని కాలికి లేదా కటిభాగానికి రక్తం తీసుకెళ్లే ధమనికి, దాని సిరను పక్కనే ఉన్న పెద్ద సిరకు కుడతారు. అంటే మావారని మీరు రాసిన ఆయన శరీరంలో ఇప్పుడు కిడ్నీకి చేరే రక్తం గుండె, మహాధమని, తుంటి ధమని, అతుకు, కిడ్నీ ధమని, లోపలి చిన్న కొమ్మలు, వాటి చివరనున్న వడపోత గుచ్ఛాలు అనే వరుసలో ప్రయాణించి సిర ద్వారా తిరిగి వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ చిక్కు వచ్చినా క్రియాటినిన్ పెరగడం అనే ఒకే రూపంలో బయటపడుతుంది. చిక్కు ఎక్కడుందో కనుక్కోవడమే వైద్యుడి పని. దానికి ఏ ఒక్క అంకె కూడా సరిపోదు.

మొదట అతుకు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ భయమంతా అక్కడే ఉంది. రక్తనాళాలను కుట్టి అతికించే పద్ధతిని తీర్చిదిద్దినందుకు అలెక్సిస్ కారెల్‌కు 1912లోనే నోబెల్ బహుమతి వచ్చింది. నేటి మార్పిడి శస్త్రచికిత్స అంతా ఆ కుట్టు మీదే నిలబడి ఉంది. మరణించిన దాత నుంచి తీసిన కిడ్నీ అయితే ధమని మొదట్లో మహాధమని గోడ ముక్కను కూడా కలిపి కోస్తారు. అంచు వెడల్పుగా ఉంటుంది కనుక కుట్టడం సులువు, తర్వాత ఇరుకయ్యే అవకాశమూ తక్కువ. బతికున్న దాత మహాధమని నుంచి ముక్క కోయలేరు కదా. అందుకని కిడ్నీ ధమనినే కోసి దాని చివరను నేరుగా అతుకుతారు. ఆ కుట్టు దగ్గర మచ్చకట్టి గోడ మందమవడం గానీ, ధమని కాస్త మెలితిరగడం గానీ జరిగితే దారి ఇరుకవుతుంది. ఇది సాధారణంగా మార్పిడి జరిగిన మూడు నెలల నుంచి రెండేళ్ల లోపు బయటపడుతుంది. పదకొండో నెలలో ఉన్న రోగికి బీపీ లొంగకపోతే మీ వైద్యులు డాప్లర్ తీయించడం అందుకే సరైన పని.

నాళం కొద్దిగా ఇరుకైతే ఏమీ కాదు. అది సగానికి పైగా, ఇంచుమించు మూడింట రెండు వంతుల దాకా మూసుకుపోతే గానీ అవతలికి చేరే రక్తం చెప్పుకోదగ్గంత తగ్గదు. కిడ్నీకి తన ప్రవాహాన్ని తానే సర్దుకునే శక్తి ఉండడమే ఇందుకు కారణం. సగటు బీపీ సుమారు 80 నుంచి 160 మధ్య ఎక్కడున్నా లోపలి చిన్న ధమనులు బిగుసుకోవడం ద్వారానో, సడలడం ద్వారానో రక్తాన్ని ఇంచుమించు ఒకే మోతాదులో నడిపిస్తాయి. మార్పిడిలో నరాలు తెగిపోయినా ఈ గుణం పోదు, ఎందుకంటే అది నరాల మీద కాక నాళాల గోడ మీద, మూత్రనాళికలు పంపే సంకేతాల మీద ఆధారపడింది. ఈ సర్దుబాటు చాలనంతగా ఇరుకైనప్పుడు కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది, దానితో బీపీ ఎగబాకుతుంది, శరీరంలో ఉప్పూ నీరూ నిలుస్తాయి. కిడ్నీ ధమనిని బిగిస్తే బీపీ పెరుగుతుందని హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మీద ప్రయోగాలతో 1934లోనే చూపించాడు. అమర్చిన కిడ్నీ ఒక్కటే కనుక, పక్కనుండి భారం పంచుకునే రెండో కిడ్నీ లేదు కనుక, ఈ పరిణామాలు ఇక్కడ మరింత గట్టిగా కనిపిస్తాయి. మూడు నాలుగు మందులకూ లొంగని బీపీ, కాళ్ల వాపులు, గుండె బాగానే ఉన్నా రాత్రివేళ ఉన్నట్టుండి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం దీని ఆనవాళ్లు. వీటిలో బీపీ తప్ప మిగతావేవీ మీరు రాయలేదు.

ఇక 210 గురించి. నీటి గొట్టం చివరను వేలితో సగం మూస్తే నీరు చిమ్ముకొస్తుంది. ఇరుకు దగ్గర రక్తం వేగం కూడా అలాగే పెరుగుతుంది. అమర్చిన కిడ్నీ ధమనిలో వేగం సెకనుకు 250 నుంచి 300 సెంటీమీటర్లు దాటితే ఇరుకు ఉందేమోనని అనుమానిస్తారు. కుట్టిన ధమని వంపు తిరిగి ఉంటుంది కాబట్టి అతుకు దగ్గర వేగం కొంత ఎక్కువగానే నమోదవడం మామూలే. అందువల్ల 210 అనే అంకె ఒక్కదాన్నే చూసి భయపడనక్కరలేదు. దాన్ని తుంటి ధమనిలోని వేగంతో పోల్చారా అని అడగండి. తుంటి ధమనిలో వేగం బాగా తక్కువగా ఉంటే 210కి ఒక అర్థం, అక్కడా 150, 160 ఉంటే మరో అర్థం.

ఎర్రగీత గీసిన ఆర్‌ఐ వేరే కథ. గుండె కొట్టుకున్న క్షణంలో కిడ్నీ లోపలి చిన్న ధమనుల్లో రక్తం అత్యధిక వేగంతో దూసుకుపోతుంది, రెండు కొట్టుకోళ్ల మధ్య అత్యల్ప వేగానికి దిగుతుంది. ఆ రెండింటి తేడాను అత్యధిక వేగంతో భాగిస్తే వచ్చేదే ఆర్‌ఐ, అంటే నిరోధ సూచిక. మీవారి విషయంలో 0.79 అంటే, కొట్టుకున్నప్పుడు వేగం 100 అనుకుంటే, మధ్య విరామంలో 21 ఉందని అర్థం. 0.70 లోపు ఉంటే మంచిదనీ, 0.80 దాటితే ఎక్కువనీ, మధ్యలో ఉన్నది అటూఇటూ కానిదనీ స్థూలంగా లెక్కిస్తారు. పేరులో నిరోధం అని ఉంది కాబట్టి ఇది కిడ్నీలో రక్తానికి ఎదురయ్యే అడ్డును కొలుస్తుందని చాలామంది, వైద్యుల్లో కూడా కొందరు, అనుకుంటారు. అది సగమే నిజం.

లోపలి అడ్డు పెరిగినప్పుడు ఆర్‌ఐ పెరుగుతుందన్నది వాస్తవమే. మార్పిడి కొత్తలో నాళికలు దెబ్బతిన్నప్పుడు, తిరస్కరణ వచ్చినప్పుడు, మూత్రనాళం మూసుకుని కిడ్నీ ఉబ్బినప్పుడు, సిరలో గడ్డకట్టినప్పుడు అది పెరుగుతుంది. కానీ రోగి పెద్ద ధమనులు గట్టిపడినా అది పెరుగుతుంది. సాగే గుణం పోయిన మహాధమని, గుండె కొట్టుకున్నప్పుడు వచ్చే ఉప్పెనను దాచుకుని విరామంలో మెల్లగా వదలలేదు కాబట్టి పై వేగం మరీ ఎక్కువగా, కింది వేగం మరీ తక్కువగా వస్తాయి. నాడి నెమ్మదిగా కొట్టుకుంటున్నా, పరీక్ష చేసేవారు యంత్రాన్ని పొట్ట మీద గట్టిగా ఒత్తినా, ఊపిరి బిగబట్టినా కూడా అంకె పైకి జరుగుతుంది. ఆర్‌ఐ 0.80 లేదా అంతకు మించితే అమర్చిన కిడ్నీ పాడయ్యే ముప్పు ఎక్కువని 2003లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో అధ్యయనం రావడంతో ఈ అంకెకు విపరీతమైన ప్రాముఖ్యం వచ్చింది. పదేళ్ల తర్వాత, 2013లో, అదే పత్రికలో వచ్చిన మరో అధ్యయనం నిర్ణీత వ్యవధుల్లో కొలిచిన ఆర్‌ఐ అమర్చిన కిడ్నీ లక్షణాలను కాక, దాన్ని పొందిన వ్యక్తి లక్షణాలనే ప్రతిబింబిస్తుందని తేల్చింది. మొదటి అధ్యయనం అందరికీ గుర్తుండిపోయి, రెండోది నివేదికలు రాసేవారి దాకా అంతగా చేరకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

మీవారి బీపీనే చూడండి. పైది 158, కిందిది 73 అంటే రెండింటి మధ్య తేడా 85. ఆరోగ్యంగా సాగే ధమనులున్న వ్యక్తిలో ఈ తేడా 40 దగ్గర ఉంటుంది. పద్నాలుగేళ్ల మధుమేహం, దాని వెంట కిడ్నీలు చెడిపోయిన కాలం కలిసి ఆయన ధమనులను గట్టిపరిచి ఉంటాయి. 0.79కి ఎక్కువ భాగం జవాబు ఇక్కడే దొరుకుతుందని నా అంచనా. పైగా ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. పైన అతుకు దగ్గర ధమని నిజంగా బాగా ఇరుకైతే, ఇరుకు దాటిన తర్వాత కిడ్నీ లోపలికి చేరే ప్రతి ఉప్పెనా చప్పబడిపోయి, నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగే అలగా మారుతుంది. అప్పుడు లోపలి ఆర్‌ఐ తగ్గుతుంది, తరచుగా 0.6 కంటే కిందికి దిగుతుంది. అంటే లోపల ఆర్‌ఐ ఎక్కువగా ఉండడం, పైన తీవ్రమైన ఇరుకు ఉండడం అన్నవి ఒకదాన్నొకటి సమర్థించే విషయాలు కావు, ఎదురుబొదురు నిలిచేవి. గట్టిపడిన ధమనులున్నవారిలో ఈ తగ్గుదల కొంత మరుగున పడవచ్చు కనుక ఇది తిరుగులేని రుజువు అనను. అల ఆకారం ఎలా ఉంది, నిటారుగా లేస్తోందా లేక ఏటవాలుగానా అని డాప్లర్ తీసినవారిని అడిగితే ఆ అనుమానమూ చాలావరకు తీరుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. టెల్మిసార్టాన్ మొదలుపెట్టాక క్రియాటినిన్ 1.3 నుంచి 1.7కు పెరిగింది, అంటే సుమారు 30 శాతం. వడపోత గుచ్ఛానికి రక్తం తెచ్చే చిన్న ధమని ఒకటి, బయటికి తీసుకెళ్లేది మరొకటి ఉంటాయి. లోపల వడపోతకు కావలసిన ఒత్తిడి ఈ రెండింటి బిగువు మీద ఆధారపడి ఉంటుంది. వచ్చే రక్తం తగ్గినప్పుడు శరీరం యాంజియోటెన్సిన్ అనే పదార్థంతో బయటికెళ్లే నాళాన్ని బిగించి లోపలి ఒత్తిడిని నిలబెడుతుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి మందులు ఆ బిగువును సడలిస్తాయి. మామూలు పరిస్థితిలో అది కిడ్నీకి మేలే, మూత్రంలో ప్రోటీన్ పోవడం తగ్గుతుంది. కానీ పైన ధమని ఇరుకై ఉంటే, ఆ బిగువే వడపోతకు ఆఖరి ఆధారం కాబట్టి, అది పోగానే క్రియాటినిన్ పెరుగుతుంది. ఈ కారణం వల్లనే మీ వైద్యులు అతుకును అనుమానించారు.

అయితే ఆ వారంలో జరిగింది ఒక్కటి కాదు, మూడు. మందు ఉంది. విరేచనాల వల్ల ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గాయి, దాంతో కిడ్నీకి చేరే రక్తం నిజంగానే తగ్గి ఉంటుంది. మూడోది టాక్రోలిమస్. పేగు గోడలో ఈ మందును విరగ్గొట్టే ఎంజైములూ, దాన్ని తిరిగి బయటికి తోసే యంత్రాంగమూ ఉంటాయి. విరేచనాలతో పేగు దెబ్బతిన్నప్పుడు ఆ కాపలా సడలి, అదే మాత్రతో రక్తంలోకి ఎక్కువ మందు చేరుతుంది. మందు వాంతులకూ విరేచనాలకూ బయటికి పోయి స్థాయి తగ్గిపోతుందేమోనని రోగులు భయపడతారు గానీ, విరేచనాల్లో తరచుగా జరిగేది దానికి విరుద్ధం. టాక్రోలిమస్ గానీ, అదే కోవకు చెందిన సైక్లోస్పోరిన్ గానీ ఎక్కువైతే గుచ్ఛానికి రక్తం తెచ్చే చిన్న ధమని బిగుసుకుంటుంది. ఇలా ఒకే వారంలో రక్తం తెచ్చే నాళం బిగుసుకుంది, తెచ్చే రక్తం తగ్గింది, బయటికెళ్లే నాళం సడలింది. మూడూ కలిస్తే అతుకు అద్దంలా ఉన్న కిడ్నీలోనైనా క్రియాటినిన్ పెరగకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. విరేచనాలు తగ్గి, మందు ఆపాక 1.4కు దిగడం కూడా ఈ వివరణకే సరిపోతుంది. 1.3కీ 1.4కీ మధ్య తేడా ప్రయోగశాలలో రోజుకు రోజుకు వచ్చే హెచ్చుతగ్గుల పరిధిలోనిదే.

కాబట్టి ఆ ఒక్క సంఘటనను బట్టి టెల్మిసార్టాన్ ఆయనకు పడదని శాశ్వతంగా రాసిపెట్టడం సరికాదు, అతుకు ఇరుకైందని తేల్చడం కూడా సరికాదు. నేనైతే ముందుగా టాక్రోలిమస్ స్థాయిని మళ్లీ చూస్తాను. ఉదయం మాత్ర వేసుకోకముందే, అంటే రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇవ్వాలి. మాత్ర మింగి రక్తం ఇస్తే వచ్చే అంకె ఎవరికీ పనికిరాదు. స్థాయి కుదుటపడి, ఒంట్లో నీరు సరిపోయాక, వైద్యులు అవసరమనుకుంటే అదే తరహా మందును చిన్న మోతాదులో మళ్లీ మొదలుపెట్టి, వారం రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్షిస్తారు. ఈసారి విరేచనాలూ లేవు, టాక్రోలిమస్ కూడా సరిగానే ఉంది, అయినా క్రియాటినిన్ 30 శాతానికి మించి పెరిగిందంటే అప్పుడు ఆ మందే ఒక పరీక్షగా మారి అతుకు వైపు వేలు చూపిస్తుంది. అలా జరిగితే ధమనుల చిత్రం తీయించడానికి వెనకాడకూడదు. సీటీ యాంజియోగ్రామ్‌లో వాడే కాంట్రాస్ట్ మందు కిడ్నీకి కొంత భారం కనుక, ముందుగా కాంట్రాస్ట్ లేకుండా తీసే ఎంఆర్‌ఐ పనికొస్తుందేమో అడగండి. నిజంగా ఇరుకు తేలినా భయపడనక్కరలేదు. సన్నని గొట్టం ద్వారా బెలూన్ పంపి వెడల్పు చేసి, అవసరమైతే స్టెంట్ పెడతారు, చాలామందిలో బీపీ, క్రియాటినిన్ రెండూ మెరుగవుతాయి. ఆ చిత్రంలో అతుకును మాత్రమే కాక దానికి పైనున్న తుంటి ధమనిని కూడా చూడమనండి. దీర్ఘకాల మధుమేహం ఉన్నవారిలో కొవ్వు పేరుకుని అక్కడే దారి ఇరుకైతే లక్షణాలు అచ్చం అలాగే ఉంటాయి. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే తగ్గడం, ఆ వైపు గజ్జలో నాడి బలహీనంగా ఉండడం దానికి సూచనలు.

ఆమ్లోడిపిన్ గురించి మీరు అడగలేదు కానీ, అది టాక్రోలిమస్ బిగించిన నాళాన్ని సడలించే మందు కనుక ఆయనకు రెండు విధాలా ఉపయోగం. దాని బదులు డిల్టియాజెమ్, వెరాపమిల్ ఎవరైనా రాస్తే టాక్రోలిమస్ స్థాయి పెరుగుతుందని గుర్తుచేయండి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్ వంటి మందులూ, గ్రేప్‌ఫ్రూట్ పండూ అలాగే పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ దాన్ని బాగా తగ్గిస్తాయి, అప్పుడు తిరస్కరణ ముప్పు వస్తుంది. ఒళ్లునొప్పులకు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి పూర్తిగా మానాలి. రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను అవి అడ్డుకుంటాయి. టాక్రోలిమస్ ఇప్పటికే ఆ నాళాన్ని బిగిస్తున్న వ్యక్తికి అది రెండో దెబ్బ. నొప్పికి పారాసిటమాల్ చాలు.

డాప్లర్ చూడలేని చోటు ఒకటుంది. తిరస్కరణలో రక్షణ కణాలూ, ప్రతిదేహాలూ (యాంటీబాడీలు) దాడి చేసేది కంటికి కనిపించని సూక్ష్మనాళాల మీద. అక్కడ మంట మొదలై చాలాకాలం సాగినా ఆర్‌ఐ మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి డాప్లర్ బాగుందన్న మాట తిరస్కరణ లేదన్న హామీ కాదు. క్రియాటినిన్ మళ్లీ కారణం తెలియకుండా పెరగడం మొదలైతే, మూత్రంలో ప్రోటీన్ కనిపిస్తే, దాత కణాలపై ప్రతిదేహాల పరీక్ష, అవసరమైతే కిడ్నీ ముక్క పరీక్ష చేయాలి. ఇంతకుముందు ముక్క పరీక్ష జరిగి ఉంటే, సూది గుచ్చిన చోట ధమనీ సిరా కలిసిపోయి రక్తం అడ్డదారిన పోయే అవకాశం ఉంటుంది. చాలావరకు అది తనంతట తానే మూసుకుంటుంది, డాప్లర్‌లో తెలిసిపోతుంది.

మిగతా కారణాలు ఆయన విషయంలో పెద్దగా వర్తించవు. ధమనిలోనో సిరలోనో గడ్డకట్టడం ఎక్కువగా మొదటి రెండు వారాల ప్రమాదం, కిడ్నీని మంచులో ఉంచిన సమయం ప్రభావం కూడా తొలి రోజులదే. కిడ్నీ చుట్టూ నీరో రక్తమో చేరి బయటినుంచి నొక్కితే లోపలి ప్రవాహం తగ్గి బీపీ పెరుగుతుంది. కిడ్నీకి సెలోఫేన్ కాగితం చుట్టితే బీపీ పెరుగుతుందని ఇర్విన్ పేజ్ 1939లో చూపించాడు, అందుకే ఆ స్థితికి ఆయన పేరే నిలిచింది. మీ నివేదికలో చుట్టూ నీరు లేదని రాసి ఉంటే ఆ ఆలోచన వదిలేయవచ్చు. ఒక్కటి మాత్రం చూడండి. మార్పిడి తర్వాత మొదటి రెండేళ్లలో కొందరికి ఎర్రకణాలు మితిమీరి పెరిగి రక్తం చిక్కబడుతుంది. హిమోగ్లోబిన్ 17 దాటితే వైద్యుల దృష్టికి తీసుకెళ్లండి. దానికి వాడే మందు కూడా టెల్మిసార్టాన్ తరహాదే కావడం ఒక విశేషం.

పడుకునే తీరు గురించి నిశ్చింతగా ఉండండి. కిడ్నీ తుంటి ఎముక గుంటలో, పొట్ట కండరాల వెనక భద్రంగా ఉంటుంది. ఆ పక్కకు తిరిగి పడుకున్నంత మాత్రాన ధమనిలో ఉండే ఒత్తిడిని అధిగమించి దాన్ని మూసేంత బరువు దాని మీద పడదు. నడుము పట్టీ మరీ బిగుతుగా పెట్టుకోకపోవడం, పొట్టకు దెబ్బ తగిలే ఆటలు మానడం చాలు. దీనికంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. ఎప్పుడైనా గుండె యాంజియోగ్రామ్ అవసరమైతే, కిడ్నీ అమర్చిన వైపు గజ్జలోంచి గొట్టం పంపవద్దని, మణికట్టు ద్వారానో రెండో వైపు నుంచో చేయమని ముందే చెప్పండి. ఆ వైపు ధమనే ఇప్పుడు కిడ్నీకి ఏకైక దారి.

నీళ్ల సంగతి కూడా అలాంటిదే. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి నష్టం, కానీ అవసరానికి మించి తాగితే అదనంగా రక్తం చేరదు, పైన చెప్పిన స్వయం సర్దుబాటు దాన్ని అక్కడికక్కడే సరిచేస్తుంది. మిగిలేది ఎక్కువ మూత్రమే. వైద్యులు పరిమితి పెట్టకపోతే రోజుకు రెండున్నర లీటర్ల దగ్గర ఉంచండి, ఎండలోనూ జ్వరంలోనూ పెంచండి. మళ్లీ వాంతులో విరేచనాలో మొదలైతే మూడు రోజులు ఆగవద్దు. అదే రోజు మార్పిడి కేంద్రానికి ఫోన్ చేసి, టెల్మిసార్టాన్ తరహా మందు వాడుతుంటే దాన్ని తాత్కాలికంగా ఆపాలేమో అడిగి, టాక్రోలిమస్ స్థాయి పరీక్ష చేయించండి. టాక్రోలిమస్‌ను మాత్రం మీకై మీరు తగ్గించవద్దు. బీపీ లక్ష్యం 130, 80 లోపు. పొగ తాగే అలవాటుంటే మానాలి, చక్కెర అదుపులో ఉండాలి, ఎందుకంటే గట్టిపడుతున్న ధమనులను నెమ్మదింపజేసే మార్గాలు అవే. మూత్రం హఠాత్తుగా తగ్గినా, కిడ్నీ ఉన్న చోట నొప్పి, వాపు వచ్చినా, జ్వరం వచ్చినా, పడుకుంటే ఆయాసం వచ్చినా రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మూడు నెలల తర్వాత డాప్లర్ మళ్లీ తీయించేటప్పుడు వీలైతే అదే చోట, అదే వ్యక్తితో, మూత్రాశయం ఖాళీ చేసి తీయించండి. 0.79 పక్కన రెండో అంకె ఉంటేనే మొదటి దానికి అర్థం వస్తుంది.

చివరగా మీ అత్తగారి గురించి. వయసుతో కిడ్నీలోని వడపోత గుచ్ఛాల సంఖ్య తగ్గుతుందన్నది నిజమే, 68 ఏళ్ల కిడ్నీకి ముప్పై ఏళ్ల కిడ్నీకి ఉన్నంత మిగులు శక్తి ఉండదు. అందుకే విరేచనాలు, మందుల హెచ్చుతగ్గులు వచ్చినప్పుడు అది త్వరగా అలసిపోతుంది. కానీ పదకొండు నెలల తర్వాత కూడా 1.3, 1.4 చూపిస్తున్న కిడ్నీని చెడిపోయినదని ఎవరూ అనరు. ఎర్రగీత గీసిన 0.79 ఆమె ఇచ్చిన కిడ్నీ గురించి చెబుతున్నదాని కంటే, కొడుకు ధమనుల గురించి చెబుతున్నదే ఎక్కువ. ఈ మాట ఆమెకు చెప్పండి. ఆమె దగ్గర మిగిలిన కిడ్నీకి కూడా ఇప్పుడు మునుపటి కంటే ఎక్కువ రక్తం పోతోంది. దాతల్లో మిగిలిన ఒక్క కిడ్నీ కొద్ది నెలల్లోనే పనిని పెంచుకుని, మునుపు రెండూ కలిసి చేసిన వడపోతలో మూడింట రెండు వంతుల దాకా ఒక్కటే చేస్తుంది. కొడుకు పరీక్షల హడావుడిలో ఆమె సొంత వార్షిక పరీక్ష మరుగున పడి ఉండవచ్చు. ఆమె బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ కూడా ఈ నెలలోనే చూపించండి.